కర్ర ఓర్చేంతసేపు

నూజివీడు పక్కన ఒక మామిడితోట. కోతలు అయిపోయాయి. కొమ్మలు తేలికై పైకి లేచాయి. వరిగడ్డి మోపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొబ్బరితాళ్ళతో బిగించి గురి నిలబెట్టారు. దానికి ముప్పై గజాల దూరంలో ఇద్దరున్నారు. ఒకరు బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, పాతికేళ్ళు పిల్లలకు విలువిద్య నేర్పి రిటైరైన బాబాయి. ఇంకొకరు ఆయన అన్న కూతురు. చిన్నప్పుడు ఆయన దగ్గరే వెదురు విల్లు పట్టింది. ఇప్పుడు తన కొయ్యవిల్లు తనే చెక్కుకుంటోంది. విద్య ఒకటే అయినా ఇద్దరికీ కుదరని మాట ఒకటుంది. తాడు పూర్తిగా లాగాక కాసేపు నిలపాలా, వెంటనే వదిలెయ్యాలా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కొయ్యవిల్లు పట్టినవాళ్ళకు మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

అమ్మాయి ఆరు బాణాలు వేసి ఆగింది. బాబాయి ఆమె చేతిలో విల్లు తీసుకుని మామిడి మొదలుకు ఆనించబోయాడు. ఆమె మళ్ళీ అందుకుని నులకమంచం మీద అడ్డంగా పడుకోబెట్టింది.

బాబాయి: పద, దగ్గరికెళ్ళి చూద్దాం. బాణాలు అప్పుడే పీకకు. ముందు చదువు. ఏం కనిపిస్తోంది?

అమ్మాయి: ఆరూ గడ్డిలోనే ఉన్నాయి బాబాయ్. రెండు సరిగ్గా నడిమధ్య తగిలాయి.

బాబాయి: తగిలిన రెండింటి గొప్ప తర్వాత. ఆరూ కలిసి ఏ ఆకారంలో ఉన్నాయో చూడు. కుడి ఎడమలకు నాలుగు వేళ్ళ వెడల్పు దాటలేదు. కిందికీ పైకీ మాత్రం జానకు మించి సాగాయి. అంటే నీ చూపు బాగుంది, విడుపు బాగుంది. తాడు లాగే పొడుగే పూటకో తీరుగా ఉంది. ఒకసారి దవడదాకా వస్తోంది, ఇంకోసారి అంగుళమో అంగుళమున్నరో ముందే జారిపోతోంది. నలభై పౌన్ల వింట్లో చివరి అంగుళం విలువ రెండు పౌన్ల పైనే. ఆ బలం తగ్గితే బాణం కిందికి దిగుతుంది. దీనికి మందు నీకు పదేళ్ళప్పుడే చెప్పాను. చెయ్యి ప్రతిసారీ ఒకేచోట ఆనాలి. చూపుడువేలు నోటి మూల తగలాలి, బొటనవేలు దవడ కింద ఒదగాలి. ఆనాక మనసులో మూడు లెక్కపెట్టాలి. అప్పుడే వదలాలి.

అమ్మాయి: చెయ్యి ఆనడం దాకా మీ మాట ఒప్పుకుంటాను. మూడు లెక్కపెట్టడం మాత్రం ఈ వింటితో కుదరదు. మీరు ఆ లెక్క నేర్పింది ఫైబర్‌గ్లాసు రెక్కల రికర్వ్ విల్లు చూసి. అది మూడు కాదు, పది లెక్కపెట్టినా ఏమీ అనదు. ఇది కర్ర. తాడు లాగినప్పుడు గురి వైపున్న ముఖం సాగుతుంది, నా వైపున్న ముఖం నలుగుతుంది. సాగడానికి కర్ర బాగానే ఓర్చుకుంటుంది, నలగడమే దానికి కష్టం. నిలిపినకొద్దీ లోపలి పోగులు అణిగిపోతాయి. తాడు విప్పినా బద్ద మునుపటిలా తిన్నగా నిలబడదు, లాగినవైపు వంగే ఉంటుంది. ఆ వంపు ఎంత పెరిగితే విల్లు అంత మందగిస్తుంది. చెట్టుగా ఉన్నప్పటి ఓర్పే దానికి పెట్టుబడి. మీరు అడిగే ఒక్కో క్షణమూ ఆ పెట్టుబడిలోంచి తీసేదే.

బాబాయి: విల్లు అరిగిపోతుందని గురి అరగదీసుకుంటామా? అరిగితే ఇంకోటి చెక్కుకో. విల్లున్నది బాణం వెయ్యడానికి.

అమ్మాయి: ఇది నా సొంత తీర్పు కాదు బాబాయ్. 1545లో రోజర్ ఆస్కమ్ అనే ఇంగ్లీషు పండితుడు విలువిద్య మీద టాక్సోఫిలస్ అని ఒక పుస్తకం అచ్చువేశాడు. అది కూడా ఇద్దరి సంవాదమే. అందులో విద్యను ఐదు మెట్లుగా విడగొట్టాడు: నిలబడటం, సంధించడం, లాగడం, నిలపడం, వదలడం. నిలుపు దగ్గరికొచ్చేసరికి గట్టిగా హెచ్చరించాడు. ఎక్కువసేపు నిలిపితే విల్లు విరిగే ప్రమాదముంది, దెబ్బా చెడుతుంది అన్నాడు. నిలుపు కంటికి కనిపించేంత ఉండకూడదు, జరిగిపోయాక మనసుకు మాత్రమే తెలియాలి అన్నది ఆయన మాట సారం.

బాబాయి: అదే సాక్ష్యం నా వైపు కూడా మాట్లాడుతుంది. ఐదు మెట్లలో నిలుపు ఒకటని ఆయనే లెక్కపెట్టాడు కదా? వద్దనుకుంటే నాలుగే చెప్పేవాడు. కంటికి కనబడనంత చిన్నదైనా అది ఉండి తీరాలి. నువ్వు చేస్తున్నది నిలుపును చిన్నది చెయ్యడం కాదు, ఎగరగొట్టడం. చెయ్యి దవడకు తగిలీ తగలకముందే తాడు వదిలేస్తున్నావు.

అమ్మాయి: ఆనాటి విల్లు ఎంత గట్టిదో మీకు తెలుసుగా. ఆ పుస్తకం అచ్చైన ఏడాదే, 1545 జులైలో, మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. నౌకలో వందకు పైగా యూ చెట్టు విళ్ళు చెక్కుచెదరకుండా దొరికాయి. ఆరడుగులకు పైబడ్డవి. వాటిని లాగడానికి నూరు పౌన్లు మొదలుకుని నూట యాభై, ఇంకా పైన కూడా బలం కావాలని లెక్కవేశారు. అంత బరువు పట్టుకుని మూడు లెక్కపెట్టేవాడెవడు? చెవిదాకా ఒక్క ఊపున లాగి, ఆ ఊపులోనే వదలాలి. మనవాళ్ళు ఆకర్ణాంతం అని ఊరికే అన్నారా?

బాబాయి: యుద్ధంలో వాడి గురి ఎంత? ఎదురుగా వచ్చే దండు. దండులో ఎవడికి తగిలినా తగిలినట్టే. నీ గురి అరచేయంత. ఆ తేడా చూపినవాడి పేరు నేను చెబుతాను. హొరేస్ ఫోర్డ్. ఆయనా ఇంగ్లీషువాడే, ఆయన విల్లూ కొయ్యదే, ఫైబర్ కాదు. 1849 నుంచి వరసగా పదకొండేళ్ళు వాళ్ళ దేశపు ఛాంపియన్. 1857లో డబుల్ యార్క్ రౌండ్‌లో 1251 పాయింట్లు కొట్టాడు. నూరు, ఎనభై, అరవై గజాల దూరాల నుంచి మొత్తం 288 బాణాలు వేస్తే 245 గురికి తగిలాయి. ఎలా సాధించాడు? చెవిదాకా లాగే పాత అలవాటు వదులుకున్నాడు. చెవి దగ్గరికి లాగితే బాణం కంటికి పక్కగా పోతుంది. కన్ను ఒక గీత మీద, బాణం ఇంకో గీత మీద. చేతిని ముఖానికి ముందు, కంటికి సరిగ్గా కిందికి తెచ్చాడు. రెండు గీతలూ ఒకటయ్యాయి. నేను నీకు నేర్పిన యాంకర్, చెయ్యి ఆనే చోటు, అదే. అది కొయ్యవిల్లు పట్టినవాడే కనిపెట్టి చూపాడు. ఆధునికమని దాన్ని పక్కకు నెట్టకు.

అమ్మాయి: ఫోర్డ్ గొప్పవాడే, కాదనను. ఆయన తనకు కావాల్సిన దూరానికీ గురికీ తగ్గట్టు చేతిని దించుకున్నాడు. నేను చెప్పేదీ అదే. ఒకే పద్ధతి అందరికీ అని లేదు. మన ధనుర్వేదమూ ఒక్కటే చెప్పలేదు. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగంలో నిలబడే తీర్లే ఎన్నో ఉన్నాయి: సమపదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. వసిష్ఠ ధనుర్వేదంలో తాడు ఎంతదాకా లాగాలన్నదానికి ఐదు పేర్లున్నాయి. జుట్టు మొదటిదాకా అయితే కైశికం, చెవిదాకా అయితే వత్సకర్ణం, భుజందాకా అయితే స్కంధం. పద్ధతి పనిలోంచి పుడుతుంది.

బాబాయి: ఐదు పేర్లు పెట్టారంటే ఐదింటికీ హద్దులు గీశారని అర్థం. చెవిదాకా అంటే చెవిదాకానే. ఒకరోజు చెవి, ఒకరోజు చెంప అని కాదు. పద్ధతులు ఎన్నైనా ఉండొచ్చు తల్లీ. ఏది పట్టుకున్నా అందులో నిలకడ ఉండాలి. పద్ధతులు చాలా ఉన్నాయనే మాట నేర్చుకునేవాడి నోట్లో తొందరగా సాకుగా మారుతుంది. నీకు ఇంకో సంగతి చెప్పనా? నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో కొందరికి ఒక జబ్బు పట్టేది. గురి మీదికి బాణం మొన రాగానే వేళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. ఆపుదామన్నా ఆగేవి కావు. ఏడ్చేవాళ్ళు. అది పట్టడానికి దారి తొందరపాటే. నీలో అదే మొదలవుతోందేమోనని నా భయం.

అమ్మాయి: ఆ భయం నాకూ ఉంది బాబాయ్.

బాబాయి: ఉంటే జపాన్‌వాళ్ళను చూడు. వాళ్ళ యుమి విల్లు వెదురూ కొయ్యా కలిపి అతికించింది. అందులో గాజూ లేదు, లోహమూ లేదు. క్యూడోలో బాణం వెయ్యడానికి ఎనిమిది మెట్లు. ఆరో మెట్టు కాయ్. తాడు పూర్తిగా లాగి నిలిచే ఘడియ. కొన్ని సెకన్లు అలాగే నిలుస్తారు. పండు తొడిమ వదిలినట్టు బాణం తనంతట వెళ్ళాలంటారు. ఆ నిలుపు లేకుండా ముందే వదిలేస్తే హయకే అని పేరు పెట్టి దోషంగా లెక్కవేస్తారు. వెదురు, కొయ్య నిలుపు ఓర్చుకోవనే నీ వాదం అక్కడ నిలుస్తుందా?

అమ్మాయి: నిలవదు, నిజమే. యుమి సంగతి నేనూ చాలాసార్లు ఆలోచించాను. ఏడడుగులు దాటిన విల్లు అది. లోపలా బయటా వెదురు బద్దలు, మధ్యలో కొయ్య. సాగే ముఖానికి వెదురు, నలిగే ముఖానికీ వెదురే. ఆ నిలుపు కోసమే దాన్ని తరాలుగా అలా తీర్చుకున్నారు. అంత చేసినా కొత్తగా చేరినవాడి చేతికి మొదటిరోజే వెదురు యుమి ఇవ్వరు. గ్లాసుఫైబర్‌దో కార్బన్‌దో ఇస్తారు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లాగే చేతికి వెదురు విల్లు చెడిపోతుందని వాళ్ళకు తెలుసు. నా విల్లు ఒకే కర్ర. ధామన్ చెట్టు బద్ద. సంస్కృతంలో దాని పేరు ధన్వనం. పేరులోనే ధనుస్సు ఉంది. దానికి అతుకూ లేదు, వేరే పొరా లేదు. అది ఇవ్వగలిగిందే నేను అడగాలి.

బాబాయి: చెక్కేవాళ్ళకు కర్ర మీద ఇంత ప్రేమ ఉండాలి. వేసేవాళ్ళకు గురి మీద ఉండాలి. నువ్వు రెండూ చేస్తున్నావు, అందుకే నీకు చిక్కు.

అమ్మాయి: ఇషి కూడా రెండూ చేసినవాడే. 1911లో కాలిఫోర్నియాలో అడవి వదిలి ఊళ్ళోకి వచ్చిన యాహి తెగవాడు. తన జనంలో చివరగా మిగిలినవాడు. సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని స్నేహితుడై, అతను విల్లు చెక్కడం, బాణం వెయ్యడం దగ్గరుండి చూసి రాశాడు. బొటనవేలితో తాడు పట్టి, దాని గోరు మీద మధ్యవేలు ఆనించి లాగేవాడట. వింటిని నిలువుగా కాక వాల్చి పట్టేవాడట. పనిలేనప్పుడు తాడు బిగించి ఉంచేవాడు కాదు, వింటిని నిలబెట్టేవాడూ కాదు. నిలబెడితే అది పనిచేస్తూనే ఉన్నట్టు, అలిసి చెమటపట్టి బలం పోగొట్టుకుంటుందని నమ్మకం. ఇందాక మీ చేతిలోంచి విల్లు తీసుకుని మంచం మీద పెట్టింది అందుకే. ఆ నమ్మకం వెనక అనుభవముంది.

బాబాయి: ఇషి గురించి ఆ డాక్టరే ఇంకో మాట రాశాడు, అది నువ్వు దాచావు. దూరం నుంచి గుండ్రటి గురి మీద పోటీ పెడితే అతను పెద్దగా రాణించలేదు.

అమ్మాయి: దాచలేదు, నేను చెప్పేలోపే మీరు అందుకున్నారు. వేటలో దగ్గర నుంచి వేస్తే గురి బాగా కుదిరేదని కూడా రాశాడు. జంతువు దగ్గరికి వచ్చేదాకా కూచుని ఓపిక పట్టేవాడు. ఆ ఓపిక అతని ఒంట్లో ఉండేది, వింటిలో కాదు.

*(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. బాబాయి గడ్డిలోంచి బాణాలు ఒక్కొక్కటి తిప్పుతూ పీకాడు. కాడను రెండు వేళ్ళమధ్య దొర్లించి చూశాడు.)*

బాబాయి: కాడలు బాగా ఎంచావు. వంగుడు కొలిచావా?

అమ్మాయి: కొలిచాను. ఇరవై ఆరు అంగుళాల ఎడంతో రెండు ఆనుల మీద కాడ పెట్టి, నడుమ రెండు పౌన్ల బరువు వేలాడదీశాను. ఎన్ని అంగుళాలు వంగిందో దానితో ఇరవై ఆరును భాగిస్తే కాడ ఎన్ని పౌన్ల వింటికి తగిందో తెలుస్తుంది. అరంగుళానికి కొంచెం పైన వంగినవే ఎంచుకున్నాను. ఈ వింటికి మధ్యలో బాణం పోయే గాడి లేదు. వదలగానే తాడు నేరుగా వింటి నడుముకే దూకుతుంది, బాణం మాత్రం దాని పక్క నుంచి పోవాలి. పాములా వంపు తిరిగి వింటిని దాటి, మళ్ళీ తిన్నగా సర్దుకోవాలి. మరీ గట్టి కాడ వంగక ఎడమకు పోతుంది, మెత్తనిది కుడికి. అందుకే నా బాణాలు కుడి ఎడమలకు చెదరలేదు.

బాబాయి: ఇంత కొలత తెలిసినదానివి, లాగే పొడుగు దగ్గర కొలత వద్దంటావేం?

అమ్మాయి: వద్దనలేదు. నిలుపు వద్దన్నాను.

బాబాయి: సరే, ఒంటి సంగతి చూద్దాం. నిలబడు. తాడు లాగు, వదలకు. ఇదిగో చూడు, నువ్వు భుజంతో లాగుతున్నావు. మోచెయ్యి పైకి లేచిపోతోంది. తాడు పట్టిన చెయ్యి కొక్కెంలా ఉండాలి, అంతే. పని వీపు చెయ్యాలి. రెండు రెక్క ఎముకలూ దగ్గరికొస్తున్నాయా లేదా? ఎడమచెయ్యి వింటిని పిసకకూడదు. బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద విల్లు ఆనాలి. మోచెయ్యి గట్టిగా బిగించకుండా కొంచెం బయటికి తిప్పు, లేకపోతే తాడు ముంజేతిని కోసేస్తుంది. నెమ్మదిగా వెనక్కి వదులు. తాడులో బాణం లేదు, వేళ్ళు తెరవకు.

అమ్మాయి: బాణం లేకుండా తాడు వదిలితే ఆ దెబ్బంతా వింటికే తగులుతుందని నాకు మొదటిరోజే చెప్పారుగా. ఒంటి సంగతిలో మీతో నాకు పేచీయే లేదు. ఇంగ్లండులో లాటిమర్ అనే బిషప్ ఉండేవాడు. 1549లో రాజుగారి ముందు ప్రసంగం చేస్తూ, తన తండ్రి తనకు బాణం వెయ్యడం ఎలా నేర్పాడో చెప్పాడు. చేతుల బలంతో లాగొద్దు, ఒళ్ళంతా వింట్లోకి పెట్టమన్నాడట. వయసు పెరిగినకొద్దీ, బలం వచ్చినకొద్దీ కొంచెం కొంచెం గట్టి విల్లు కొనిచ్చేవాడట.

బాబాయి: ఆ తండ్రి నాకు నచ్చాడు. పిల్లలు చెడిపోయేది మొదటి తప్పటడుగులోనే. తమ బలానికి మించిన విల్లు పట్టుకుంటారు. అది లాగడానికే ఊపిరంతా పోతుంది. ఒళ్ళు వంకర తిరుగుతుంది. చెయ్యి దవడకు చేరకముందే వదిలెయ్యాలనిపిస్తుంది. దానికి సహజత్వమని పేరు పెట్టుకుంటారు. నీ సంగతి అది కాదని నాకు తెలుసు. నువ్వు తేలికగా లాగుతున్నావు.

అమ్మాయి: నా చూపుతో కూడా మీకు పేచీ ఉందనుకుంటా.

బాబాయి: ఉంది. నువ్వు గురి ఒక్కటే చూస్తున్నావు. బాణం మొన ఎక్కడుందో నీకు పట్టదు.

అమ్మాయి: అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేం కనిపించలేదుగా? ఆస్కమ్ కూడా చూపు గురి మీదే ఉంచమన్నాడు. మొన చూస్తే దానికోసం ఆగాలి, ఆగితే కర్ర అలుస్తుంది.

బాబాయి: అర్జునుడి చెయ్యి అన్నాళ్ళ సాధనతో ఎప్పుడూ ఒకేచోట ఆనేది, అందుకే చూపుకు వేరే పని లేకపోయింది. 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో బాణాలు వేసిన హొవర్డ్ హిల్ పేరు విన్నావుగా. కొయ్యవిల్లు వాళ్ళంతా గురువుగా చెప్పుకునేవాడు. ఆయన కూడా గురి మీద కన్ను నిలిపి, బాణం మొనను కంటి చివర్లో పట్టి ఉంచేవాడినని చెప్పాడు. నేను మొననే చూడమనడం లేదు. మొన ఉన్న సంగతి మరిచిపోకు అంటున్నా.

అమ్మాయి: అది నాకు ఇంకా కుదరడం లేదు బాబాయ్. మొన గుర్తొచ్చిన క్షణం గురి మసకబారుతోంది. ఈ ఒక్కటీ మీ మాట వినలేను.

బాబాయి: వినకు. ఏడాది తర్వాత మళ్ళీ అడుగుతా. ఇప్పుడు ఒక పని చేద్దాం. వాదం కట్టిపెట్టి వింటినే అడుగుదాం. ఈ కాడ మీద ఇరవై ఆరు అంగుళాల దగ్గర సిరాతో గుర్తు పెడుతున్నా. అది వింటి వీపుదాకా, అంటే గురి వైపున్న ముఖందాకా, వచ్చినప్పుడు నేను పక్కన నిలబడి చూస్తా. రికర్వ్ వింటికి క్లిక్కర్ అని సన్నటి రేకు ఉంటుంది. సరిపడా లాగగానే టక్కుమంటుంది. దీనికి అది లేదు. ఈ సాయంత్రం నేనే నీ క్లిక్కర్‌ని. మొదటి మూడు బాణాలు గుర్తు రాగానే, నేను ఊఁ అనగానే వదులు. తర్వాతి మూడూ గుర్తు దగ్గర మూడు లెక్కపెట్టాక వదులు. గుర్తు కదిలితే ఆ బాణం లెక్కలోకి రాదు.

*(అమ్మాయి ముందుగా మూడు నాలుగుసార్లు సగందాకా లాగి, మెల్లగా వెనక్కి వదిలి వింటిని మేల్కొలిపింది. తర్వాత ఆరు బాణాలు వేసింది. ఒక్కటి గుర్తు తప్పితే మళ్ళీ వేయించాడు. ఇద్దరూ గురి దగ్గరికి నడిచారు.)*

బాబాయి: మొదటి మూడు చూడు. అరచేతి కింద దాచెయ్యొచ్చు. నిలువు గీత ఏమైంది?

అమ్మాయి: పోయింది. ఒప్పుకుంటున్నాను. లాగే పొడుగు ఒకటైతే బాణమూ ఒకటే. ఇన్నాళ్ళూ నేను వింటిని కాపాడుతున్నాననుకుని నా చేతి నిర్లక్ష్యాన్ని కాపాడుకున్నాను. మరి తర్వాతి మూడు చూడండి.

బాబాయి: అవీ గుంపుగానే ఉన్నాయి. కానీ కిందికి దిగాయి. నాలుగు వేళ్ళంత.

అమ్మాయి: గుర్తు కదిలిందా?

బాబాయి: లేదు. కళ్ళారా చూశా. వెంట్రుకవాసి కూడా కదలలేదు. పొడుగు అదే, బాణాలు అవే, చెయ్యి అదే. నాలుగు వేళ్ళు ఎందుకు దిగింది?

అమ్మాయి: కర్ర అలిసింది బాబాయ్. లాగిన క్షణంలో ఎంత బలం దాచుకుందో, మూడు లెక్కపెట్టేలోపు అందులో కొంత లోపలే కరిగిపోతుంది. వంపు అదే ఉంటుంది, వెనక్కి తన్నే శక్తి తగ్గుతుంది. గాజులో ఈ తేడా మన చేతికి అందేంత ఉండదు. అందుకే మీకు అక్కడ కనిపించలేదు. కర్రలో కనిపిస్తుంది. నేను ఇందాకటి నుంచీ విల్లు చెడిపోతుందని చెబుతున్నానే గానీ, ఆ బాణమే మారిపోతుందని చెప్పడం నాకు చేతకాలేదు.

*(బాబాయి బాణాలు పీకకుండా చాలాసేపు వాటిని చూస్తూ నిలబడ్డాడు.)*

బాబాయి: అయితే నేను పాతికేళ్ళు నేర్పిందాంట్లో ఒక కొలత వదిలేశాను. ప్రతిసారీ ఒకేలా ఉండాలని పిల్లలకు చెప్పాను. పాదాలు ఒకేలా, పట్టు ఒకేలా, ఆనిక ఒకేలా. నిలిపిన సేపు ఒకేలా ఉండాలని చెప్పలేదు. తీరిగ్గా ఉంటే మూడు లెక్కపెట్టేవాళ్ళు, కంగారుంటే ఒకటి, గాలి తగ్గాలని చూస్తే ఐదు. మన వెదురు విల్లు పిల్లలు ఇండియన్ రౌండ్ పోటీల్లో ఒకరోజు బాగా వేసి, మర్నాడు అదే చేత్తో తప్పితే మనసు నిలకడ లేదని కసిరేవాణ్ణి. అందులో కొంత వెదురు చెబుతున్న మాట. నేను వినలేదు.

అమ్మాయి: మీరు నేర్పిన సూత్రమే ఇక్కడ గెలిచింది. అన్నీ ఒకేలా ఉండాలన్నారు. కాలాన్ని కూడా అందులో కలపాలి, అంతే.

బాబాయి: కాలం ఎంతో మాత్రం నువ్వు చెప్పాలి. గురువు చెప్పేది కాదు అది.

అమ్మాయి: ఈ వింటికి ఒక్క లెక్క. చెయ్యి ఆని, వీపు బిగిసి, చూపు కుదిరే అంతసేపు. అంతకంటే తక్కువైతే నాకు తెలియకుండానే తాడు జారుతుంది. మీరన్న జబ్బు అక్కడే మొదలవుతుంది. ఎక్కువైతే కర్రకు భారం. ఇంకో వింటికి వేరే లెక్క ఉంటుంది. కర్ర పొడుగు, పోగు, ఆనాటి తేమ, ఎండ, అన్నీ చూడాలి. ముందు విల్లు ఎంతసేపు ఓర్చుతుందో తెలుసుకోవాలి, ఆ హద్దులోపల నా ఒళ్ళు నిలకడగా ఉండటం నేర్చుకోవాలి.

బాబాయి: ఒక్క లెక్క చాలా చిన్నది. అందులో అన్నీ కుదరాలంటే లాగకముందే సగం పని అయిపోవాలి. పాదాలు, పట్టు, ఊపిరి, చూపు. విల్లు ఎత్తేటప్పటికే నువ్వు సిద్ధంగా ఉండాలి. లాగాక సర్దుకుంటానంటే కుదరదు. గాజు విల్లు పట్టినవాడు లాగి నిలిపి, అక్కడ తప్పులు దిద్దుకుంటాడు. దీంతో ఆ వెసులుబాటు లేదు. దిద్దుకోవాల్సిందంతా ముందే.

అమ్మాయి: ఆ మాట నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ నిలుపు లేకపోవడమంటే స్వేచ్ఛ అనుకున్నాను. అది ముందుగానే కట్టాల్సిన క్రమశిక్షణన్నమాట.

బాబాయి: ఇంకో ఆరు వెయ్యి. గుర్తు నేను చూస్తా, లెక్క నువ్వు పెట్టుకో. బయటికి వినపడక్కర్లేదు.

పొద్దు వాలేదాకా వేసింది. ఊఁ అనడం మొదట్లో ప్రతి బాణానికీ వినిపించింది, తర్వాత రెండు బాణాలకొకసారి, ఆ తర్వాత ఆయన ఊరకే నిలబడి చూశాడు. చీకటి పడుతుంటే అమ్మాయి ముళ్ళపొదలో పడ్డ బాణం ఒకటి వెతకడానికి వెళ్ళింది. బాబాయి విల్లందుకున్నాడు. మోకాలితో మెల్లగా వంచి, వింటికొప్పు నుంచి అల్లెతాడు జార్చాడు. కర్ర ఇంకా కొంచెం వంగే ఉంది. అరచేత్తో దాని వీపు నిమిరాడు. మామిడి మొదలు పక్కనే ఉన్నా దానికి ఆనించలేదు. నులకమంచం మీద అడ్డంగా పడుకోబెట్టాడు.